మోడల్ డీజిల్ ఇంజన్ ఎత్తు తగ్గించాలంటే బాడీ దించాలా, ట్రక్కు (చక్రాలుండే బోగీ) దగ్గర అరగదీయాలా?

హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు) డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ మోడల్ని పట్టాల మీద పెడితే చేలో కొంగ నిలబడ్డట్టుంది, ఏం చేయమంటారని ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. త్రీడీ ప్రింట్ బాడీని అమెరికన్ మోడల్ చాసిస్ (మోటారు, చక్రాలుండే అడుగు భాగం) మీద కూర్చోబెట్టేవాళ్లకి ఈ బాధ ఇంకా ఎక్కువ. నర్సాపూర్ లైనుకి కరెంటు తీగలు పడకముందు భీమవరం ప్లాట్‌ఫారం మీద నిలబడి అసలు ఆల్కోని, అంటే ఈ డబ్ల్యూడీఎం-2నే, చూసిన కంటికి ఆ ఎత్తు అస్సలు నప్పదు. దానికి తోడు మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ., 87తో భాగిస్తే 19 దాటుతుంది, మనం వేసే పట్టాలేమో 16.5. కింద ఇరుకు కాబట్టి పైన ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆకురాయి పట్టేముందు కొలవండి. అసలు బండిలో బఫర్ (చివర్లలో ఉండే గుండ్రటి తాకుడు దిమ్మ) మధ్య ఎత్తు పట్టా పైనుంచి 1105 మి.మీ. మించకూడదు, అంటే మోడల్‌లో 12.7. నాది 14 వచ్చింది.

మొదటి ఇంజన్‌కి నేను ట్రక్కు పైన చాసిస్ ఆనే చోట అరగదీశాను. బాడీ, కింది డీజిల్ ట్యాంకు, పెట్టెల్ని తగిలించే కప్లర్ అన్నీ కలిసి దిగుతాయి, వంపు లేని పట్టా మీద చూడముచ్చటగా ఉంది. 18 అంగుళాల వ్యాసార్ధం వంపులోకి వెళ్లగానే ట్రక్కు తిరిగి, చక్రం అంచు చాసిస్ అడుగున గీసుకుంది. ఆ చాసిస్ లోహంలో ఒక పట్టా కరెంటు ఉంటుంది, అవతలి వైపు చక్రం తగిలితే షార్టే. బండి టక్కున ఆగింది, విప్పి చూస్తే చక్రం పైన సన్నటి మెరుపు గీత. కప్లర్ కూడా దిగిపోయింది కాబట్టి దాన్ని మళ్లీ పైకెత్తాల్సి వచ్చింది. నా లెక్కలో తేల్చేది ఇదే, వంపులో చక్రానికి ఎంత చోటు మిగులుతుందన్నది. ఇంట్లో గది సగం పట్టే లేఅవుట్లలో పెద్ద వంపులు ఎక్కడ వేస్తాం?

బాడీని మాత్రమే దించితే చక్రానికీ చాసిస్‌కీ మధ్య దూరం మారదు, చాసిస్‌కి బిగించిన కప్లరూ కదలదు. లోపల బాడీ ఆనుకునే దిమ్మల్ని ఉప్పుకాగితంతో కొంచెం కొంచెంగా తీయాలి, నాలుగూ సమానంగా, లేకపోతే బండి ఒక పక్కకి ఒరుగుతుంది. పైకప్పుకి మోటారు గానీ గేర్ గూడు గానీ తగలకుండా చూసుకోవాలి. ఒక్క లోటు, ట్యాంకు చాసిస్‌దే అయితే అది దిగదు. ట్యాంకు కూడా బాగా ఎత్తుగా ఉండి, మీకు పెద్ద వంపులుంటే అప్పుడు ట్రక్కు పద్ధతే సరి.

చిన్న చక్రాలు వేయడమంటారా, వద్దు. గేర్ గూడు పాయింట్ల (పట్టాలు చీలే చోటు) దగ్గర పట్టాని తగులుతుంది.

రెండో ఇంజన్‌కి బాడీనే 1.2 మి.మీ. దించాను. బఫర్ 12.8 దగ్గర నిలిచింది, వెనక ఐసీఎఫ్ ప్యాసింజర్ పెట్టె తగిలిస్తే బఫర్లు రెండూ ఒకే వరసలో ఉన్నాయి.