విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్: నా మార్కులు ముందు డ్రైడాక్‌కే

మాది మల్కాపురం సైడు. మా నాన్న షిప్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు, అందుకే ఈ రివ్యూ ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నా. హోటల్‌కి రాస్తాం, ఫోన్‌కి రాస్తాం, 80 ఏళ్ళకి పైగా మన ఊళ్ళో ఓడలు కట్టి, పాడైనవాటిని బాగుచేసి మళ్ళీ సముద్రంలోకి పంపుతున్న చోటు గురించి ఎవ్వరూ రాయరేంటి అనిపించేది. నాన్న పనిచేసిన చోటని ఎక్కువ మార్కులు వేయను, ఉన్నది ఉన్నట్టే చెప్తా.

మా వైపు ఆటో ఎక్కితే ఇప్పటికీ "సింధియా" అనే చెప్తాం. అది ఈ యార్డ్ మొదలుపెట్టిన కంపెనీ పేరు. సింధియా స్టీమ్ నావిగేషన్ అని 1919లో వాల్‌చంద్ హీరాచంద్ గారు, నరోత్తమ్ మొరార్జీ గారు వాళ్ళు పెట్టారు, ఆ ఏడాది ఏప్రిల్ 5న వాళ్ళ లాయల్టీ ఓడ బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరింది, ఆ రోజునే ఇప్పుడు నేషనల్ మారిటైమ్ డేగా చేసుకుంటున్నాం. ఓడలు నడిపితే చాలదు, మనమే కట్టుకోవాలని వాల్‌చంద్ గారి పట్టుదల. కారు ఫ్యాక్టరీ, విమానాల ఫ్యాక్టరీ, షిప్‌యార్డ్ మూడూ బ్రిటిష్ వాళ్ళు ఉండగానే తలకెత్తుకున్న మనిషి. 1941 జూన్ 21న ఇక్కడ శంకుస్థాపన చేసింది బాబూ రాజేంద్రప్రసాద్ గారు. ఏడాది తిరక్కుండానే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అలాంటి టైమ్‌లో మొదలైన యార్డ్ ఇది, 1948 మార్చి 14న నెహ్రూ గారి చేతుల మీదుగా "జల ఉష" నీళ్ళలోకి జారింది. 8,000 టన్నుల ఓడ, స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఆ తర్వాత 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ అనే పేరొచ్చింది, మూడింట రెండు వంతులు గవర్నమెంట్ తీసుకుంది, 1961కి మొత్తం గవర్నమెంట్‌దే అయిపోయింది. ఈ తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేద్దాం.

నేను చెప్పాలనుకున్నది రిపేర్ పని గురించి. జలప్రవేశం అంటే దండలు, కొబ్బరికాయలు, పేపర్లో ఫోటో. డ్రైడాక్‌లో, అంటే నీళ్ళు తోడేసి షిప్పు అడుగు బాగుచేసే పెద్ద గోతిలో, జరిగేదానికి ఫోటో ఉండదు. షిప్పు లోపలికి రాకముందే దాని అడుగు కొలతల ప్రకారం డాక్ నేల మీద దిమ్మలు పేర్చాలి, షిప్పు వచ్చాక గేటు మూసి నీళ్ళు తోడతారు, నీళ్ళు దిగేకొద్దీ అంత బరువూ మెల్లగా ఆ దిమ్మల మీద కూర్చోవాలి, ఒక్క దిమ్మ తేడాగా ఉన్నా అడుగు ప్లేటు నొక్కుకుపోతుంది. అప్పుడు అసలు పని మొదలు. నాచు, గుల్లలు గీకాలి, ప్లేటు తుప్పుకి ఎంత పల్చబడిందో మీటర్ పెట్టి చూడాలి, పల్చబడిన ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలి, తుప్పు షిప్పుకి పట్టకుండా తాము కరిగిపోయే జింక్ దిమ్మలు ఉంటాయి, అవి మార్చాలి, సముద్రం నీళ్ళు లోపలికి తీసుకునే వాల్వులన్నీ విప్పి మళ్ళీ బిగించాలి. చివర్లో డాక్‌లోకి నీళ్ళు వదిలేటప్పుడు షిప్పు తేలకముందే ప్రతి వాల్వు దగ్గరా టార్చ్ పట్టుకుని మనిషి నిలబడతాడు, ఎక్కడన్నా చెమ్మ కనిపిస్తే అక్కడే ఆపేస్తారు. నాన్న చాలాసార్లు ఆ టార్చ్ మనిషే. కొత్త షిప్పు కట్టేటప్పుడు డ్రాయింగ్ ముందుంటుంది గానీ పాత షిప్పు విప్పేదాకా లోపల ఏముందో తెలీదురా అనేవారు.

ఆ మాట ఎంత నిజమో సింధుకీర్తి చూపించింది. రష్యాలో కట్టిన సబ్‌మెరైన్, 2006లో రిఫిట్‌కని, అంటే మొత్తం విప్పి బాగుచేయడానికి, ఇక్కడికొచ్చింది, బయటపడేసరికి 2015. తొమ్మిదేళ్ళు. నేవీకి ఉన్నవే కొన్ని సబ్‌మెరైన్లు, అందులో ఒకటి అన్నేళ్ళు యార్డ్‌లోనే ఉండిపోతే ఏ కస్టమర్ అయినా మంచి రివ్యూ ఇస్తాడా, ఇవ్వడు, నేనూ మార్కులు కోస్తున్నా. కానీ కథ అక్కడ ఆగలేదు. అదే తరగతి సబ్‌మెరైన్ సింధువీర్ ఇక్కడే రిఫిట్ అయి 2020లో మయన్మార్ నేవీకి వెళ్ళింది, వాళ్ళకదే మొదటి సబ్‌మెరైన్. సింధుకీర్తి మీద చెయ్యి తిరిగిన యార్డ్ కాబట్టే వేరే దేశానికి ఇచ్చే సబ్‌మెరైన్ పని దీనికి అప్పజెప్పారని నా నమ్మకం.

అదే ఏడాది ఆగస్టు 1 మాత్రం మర్చిపోలేం. లోడ్ టెస్ట్ చేస్తుండగా పెద్ద క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. సేఫ్టీకి నేను మార్కులు వెయ్యను, అది ఆ ఇళ్ళవాళ్ళు చెప్పాల్సిన మాట.

చాలా ఏళ్ళు నష్టాల్లో ఈడ్చుకొచ్చిన యార్డ్ 2010లో షిప్పింగ్ శాఖ నుంచి రక్షణ శాఖకి మారాక మెల్లగా లేచింది. ఇప్పటిదాకా కట్టినవి 200 దాకా ఉంటే బాగుచేసినవి 2,000 దాకా, ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది ఈ యార్డ్ పని అసలు ఎక్కువ ఎటువైపో. కొత్తవాటిలో నాకు బాగా నచ్చింది నిస్తార్. 118 మీటర్ల డైవింగ్ సపోర్ట్ షిప్, సబ్‌మెరైన్ మునిగితే లోపలున్నవాళ్ళని కాపాడే చిన్న రెస్క్యూ సబ్‌మెరైన్‌ని మోసుకెళ్ళేది, 2025 జూలై 18న నేవీలో చేరింది. 1971లో మన తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ దగ్గరికి డైవర్లని దించింది పాత నిస్తారే, ఆ పేరు మళ్ళీ విశాఖలో కట్టిన షిప్పుకి రావడం చూసి గర్వపడ్డా. 2023లో ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులకి (సముద్రంలో ఉన్న నేవీ ఓడలకి ఇంధనం, సరుకులు అందించేవి) దాదాపు 19,000 కోట్ల ఆర్డర్ కూడా వచ్చింది, ఒక్కోటి 44,000 టన్నులు. జల ఉషతో పోల్చి చూడండి.

మొత్తం మీద 5కి 3.5 ఇస్తున్నా, ఆ ఐదు షిప్పులూ టైమ్‌కి ఇస్తే వచ్చి మారుస్తా. నిస్తార్ టీవీలో చూపించిన రోజు నాన్నని పిలిచి చూడమన్నా. కాసేపు చూసి, బాగుందిరా, మరి డ్రైడాక్‌లో ఇప్పుడేముంది అని అడిగారు.