ఐదు స్టార్ల ఫ్యాన్లు నాలుగు, ఒక ఎండాకాలం వాడినాక

మాది తిరుపతి బైరాగిపట్టెడలో పై అంతస్తు. మిద్దె పగలంతా కాలి కాలి రాత్రి పదకొండైనా గోడలు వెచ్చగానే ఉంటాయి, ఇంక ఫ్యాన్లు తిరుగుతానే ఉండాల. పోయినేడాది మే బిల్లు 292 యూనిట్లు, ఏసీ లేకుండానే. జూన్‌లో పాత ఫ్యాన్లు నాలుగూ దించేసి బీఎల్‌డీసీవి (కరెంటు తక్కువ తినే కొత్త రకం మోటారువి) వేయించినాం, ఈ మేకి 230 వచ్చింది. కొందామా వద్దా అనుకుంటా ఉండేవాళ్లకి పనికొస్తాదని రాస్తున్నా.

పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తది ఫుల్ స్పీడులో 30. తేడా 45 వాట్లే కదా అనిపిస్తాది గానీ నాలుగు ఫ్యాన్లు రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి 60 యూనిట్ల పైమాటే. దానికి తోడు శ్లాబు ఒకటుంది, మన రాష్ట్రంలో ఇళ్లకి 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, అది దాటితే 8.75. మాకు తగ్గిన 62 యూనిట్లూ ఆ పై శ్లాబులోవే, అంటే ఒక్క నెలకే 540 రూపాయలు మిగిలినాయి. చలికాలంలో ఇంత మిగలదు. ఒక్కోటి 2,800 చొప్పున 11,200 అయింది, నా లెక్కలో మూడేళ్లలోపు డబ్బు వెనక్కొచ్చేస్తాది.

గాంధీ రోడ్డు వైపు షాపులో నాకు దారి చూపించింది ఫ్యాను మీద అంటించే స్టార్ లేబులే. సీలింగ్ ఫ్యాన్లకి 2023 జనవరి 1 నుంచి దీన్ని కంపల్సరీ చేసినారు, అంతకు ముందు కంపెనీ ఇష్టం. షాపాయన "ఇది కూడా స్టార్ ఫ్యానే అన్నా, 1,500కే వస్తాది" అని ఒకటి తీసినాడు, లేబుల్ చూస్తే ఒక్క స్టార్, 52 వాట్లు, గాలి (నిమిషానికి ఘనపు మీటర్లలో) 210. నేను తీసుకున్నది 30 వాట్లు, గాలి 220. గాలి అంకెని వాట్లతో భాగిస్తే సర్వీస్ వాల్యూ వస్తాది, స్టార్లు ఇచ్చేది దాన్ని బట్టే, మొదటిదానికి 4, రెండోదానికి 7 పైన. అమ్మేవాళ్లు అందరూ కరెంటు తక్కువ తింటాది అనే చెప్తారు, ఆ కాగితం అంటించాలని రూలు లేకపోయుంటే ఎవరి మాట నమ్మాలో నాకు తెలిసేది కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. బిగించడానికి వచ్చినతను పాత రెగ్యులేటర్ తీయకుండా దాని మీదే కనెక్షన్ ఇచ్చేసినాడు, హాల్లో ఫ్యాను తిరుగుతా తిరుగుతా ఆగిపోయేది, రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక వేరే ఆయన వచ్చి రెగ్యులేటర్ తీసేసి నేరుగా స్విచ్‌కి ఇచ్చినాడు. మీరు ముందే చెప్పి చేయించుకోండి. ఏప్రిల్‌లో వంటింటి ఫ్యాను లోపలి సర్క్యూట్ బోర్డు పోయింది. వారంటీలో ఫ్రీగానే మార్చినారు, కానీ పదకొండు రోజులు పట్టింది, ఆ ఎండల్లో మా ఆవిడ పొయ్యి దగ్గర ఎట్లా నిలబడిందో నాకు తెలుసు.

మా అవ్వకి ఎనభై దాటింది, చలేస్తే లేచి రెగ్యులేటర్ తిప్పే అలవాటు. మా కొత్త ఫ్యాన్లకి స్పీడు మార్చేది రిమోట్‌తో, ఆమెకి రిమోట్ అంటే భయం. రిమోట్‌కి నవారు ముక్క కట్టి మంచం కోడుకి వేలాడదీసినాం, స్పీడు తగ్గించే బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టినాం. ఇప్పుడు చీకట్లో కూడా లేవకుండా ఆమే తగ్గించుకుంటాది. రెగ్యులేటర్‌తో వచ్చే మోడల్స్ కూడా ఉన్నాయి, పెద్దవాళ్లున్న ఇళ్లలో అవే అడగండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఇదివరకటి కంటే చాలాసేపు లాగతా ఉంది, లో వోల్టేజీ వచ్చినా స్పీడు తగ్గట్లేదు.

నాకు బాధనిపించేది ఒకటుంది. కింది పోర్షన్లో టిఫిన్ బండి నడిపే అక్క ఆ 1,500 ఫ్యానే కొనింది, తెలీక కాదు, చేతిలో అంతే ఉండింది. ఎల్ఈడీ బల్బులు గుర్తున్నాయి కదా, మన రాష్ట్రంలో పాత బల్బు తీసుకుని పది రూపాయలకి ఒకటి లెక్కన ఇంటికి రెండు ఇచ్చినారు, ఇప్పుడు 60 వాట్ల బల్బు అడిగేవాళ్లే లేరు. ఫ్యాన్లకి కూడా ఈఈఎస్ఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 2023 నవంబరులో కోటి ఫ్యాన్ల ప్రోగ్రాం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో దాన్ని కరెంటు బిల్లులోనే నెలకి ఇంత అని కట్టుకునేట్టు ఇస్తే అక్క లాంటి వాళ్లు కూడా ఐదు స్టార్లదే కొంటారు. మిద్దె వేడికి మాత్రం ఏ ఫ్యానూ మందు కాదు. తెలంగాణలో 2023లోనే కూల్ రూఫ్ పాలసీ (మిద్దెలు ఎండకి కాలకుండా చేయించే పాలసీ) తెచ్చినారు, మన తిరుపతి ఎండలకి అట్లాంటిది ఇక్కడా కావాల. మేము వచ్చే మార్చిలో మిద్దెకి తెల్ల పెయింట్ కొట్టిస్తాం.

కొనేవాళ్లు బిల్లూ వారంటీ కార్డూ ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి, సర్వీస్ సెంటర్లో మమ్మల్ని మొదట అడిగింది అవే.