ట్యాంకులు చూడాలంటే అహ్మద్‌నగరా, లోంగేవాలానా?

హైదరాబాద్ నుంచి సోలాపూర్ మీదుగా కారులో షిర్డీ వెళ్తే దారిలో అహ్మద్‌నగర్ తగులుతుంది. 2024లో పేరు అహిల్యానగర్‌గా మారింది గానీ నోటికి ఇంకా పాతదే వస్తోంది. అక్కడి నుంచి షిర్డీ 80 కిలోమీటర్ల పైచిలుకు. ఆ ఊళ్లోనే కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది. "బాబా దర్శనానికి బయల్దేరి ఈ ఇనప సామాన్ల దగ్గర ఆగడమేమిటయ్యా?" అంది మా అత్తయ్య. "ఒక్క గంట అత్తయ్యా" అన్నాను. మూడు గంటలైంది. ఆ రోజు దర్శనం క్యూలో నిలబడినంతసేపూ ఆవిడ నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడాది ఒక స్నేహితుడితో రాజస్థాన్ వెళ్లి, 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన లోంగేవాలా కూడా చూసొచ్చాను. అప్పటి నుంచి తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: రెండింట్లో ఏది మేలు? డబ్బులూ సెలవులూ ఒక్కదానికే సరిపోతే ఎటు వెళ్లాలి? ఒకచోట రకరకాల ట్యాంకులను తెచ్చి పక్కపక్కన నిలబెట్టారు. ఇంకోచోట ఉన్నవి కొన్నే, కానీ యుద్ధం జరిగిన నేల మీదే ఉన్నాయి.

ముందు అహ్మద్‌నగర్ సంగతి. సైన్యానికి చెందిన ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్ 1994లో ఈ మ్యూజియం పెట్టింది. యాభై వరకు వాహనాలున్నాయి. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకు ఉక్కు తొడుగు వేసి చేసిన సాయుధ వాహనం దగ్గర్నుంచి, మద్రాసు పక్కన ఆవడిలో తయారైన విజయంత ట్యాంకు దాకా అన్నీ ఒక్క ఆవరణలోనే. కావల్రీ అంటే అశ్వదళం కదా, ట్యాంకులకు ఆ పేరెందుకని మా మేనల్లుడు అడిగాడు. దానికి జవాబు మన హైదరాబాద్ దగ్గరే దొరుకుతుంది. నిజాం కొలువులో 1790లో మొదలైన గుర్రపు దళమే తర్వాత డెక్కన్ హార్స్ అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జులై 14న, ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో హై వుడ్ దగ్గర వీళ్లు గుర్రాలెక్కి బల్లేలతో దూసుకెళ్లారు. రెండు నెలలు తిరిగేసరికి, సెప్టెంబర్ 15న, అదే యుద్ధంలో మొట్టమొదటి ట్యాంకులు దిగాయి. ఆ తర్వాత గుర్రాలు పోయి ఇంజన్లు వచ్చాయి, రెజిమెంట్ పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొన్న షెర్మన్ ట్యాంకులు ఈ డెక్కన్ హార్స్‌వే.

మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ప్యాటన్ కాదు. జపాన్ వాళ్ల చిన్న ట్యాంకు, హా-గో. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు తిరిగిన రకం. బరువు ఏడున్నర టన్నుల లోపే. దాని ఉక్కు బాగా మందంగా ఉన్నచోట కూడా 12 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరు వెడల్పంత. వేలి కణుపుతో తడితే పాత ఇనప బీరువా తలుపు గుర్తొచ్చింది. తర్వాత వెళ్లి బ్రిటిష్ వాళ్ల చర్చిల్ మార్క్ 7ని తట్టాను. దాని ముందు భాగం 152 మిల్లీమీటర్లు, రెండు బెత్తెల మందం. బండరాయిని తట్టినట్టే, కణుపు నొప్పి పుట్టింది తప్ప చప్పుడు లేదు. ఒక్కో పక్క పదకొండు చిన్న చక్రాలతో గొంగళి పురుగులా ఉంటుంది. రెండింటినీ ట్యాంకు అనే అంటాం. లోపల కూర్చున్నవాడి ప్రాణానికి ఉన్న పూచీలో ఇంత తేడా ఉందని ఏ పుస్తకం చదివినా నాకు ఎక్కలేదు. పక్కపక్కన పెడితే వచ్చే లాభం ఇదే.

ప్యాటన్ కూడా అలా చూస్తేనే అర్థమవుతుంది. నున్నగా, గుండ్రంగా, మూడు మీటర్ల దరిదాపు ఎత్తులో పెద్దమనిషిలా నిలబడి ఉంటుంది. బరువు 46 టన్నులు. ఆ రోజుల్లో దాన్ని చూస్తేనే భయపడేవాళ్లంటే నమ్మొచ్చు. 1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ పక్కన అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు పొలాల్లోకి నీళ్లు వదిలి, చెరకు తోటల్లో మాటు వేశారు. ఆ బరువే ప్యాటన్‌కు శత్రువైంది. కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్‌తో (కాల్చినా వెనక్కి తన్నని తేలికపాటి ఫిరంగి) వరసగా ట్యాంకులను కొట్టి, ఆ పోరులోనే చనిపోయాడు. మరణానంతరం పరమవీరచక్ర ఇచ్చారు. చేజిక్కిన ట్యాంకులను భిఖీవిండ్ దగ్గర ఒకచోట చేర్చారు, ఆ చోటుకే ప్యాటన్ నగర్ అని పేరు వచ్చింది. జీపుకూ ఈ ఉక్కు కొండకూ ఉన్న తేడా కళ్లతో చూశాక ఆ పరమవీరచక్ర ఎందుకిచ్చారో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"మామయ్యా, లోపలికి దిగొచ్చా?" అని మేనల్లుడు. కుదరదు. ఏ ట్యాంకు మ్యూజియంలోనైనా మామూలుగా మూతలు బిగించే ఉంటాయి. ఇరుకు, పదునైన అంచులు, పిల్లలు ఇరుక్కుంటే టెన్షన్. న్యాయమే, కానీ అసలు కథంతా లోపలే కదా. ఈ విషయంలో మన విశాఖ అదృష్టం చేసుకుంది. 2002లో ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా తెరిచిన కుర్సురా జలాంతర్గామిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవొచ్చు, తల వంచి, భుజాలు ముడుచుకుని. అంతమంది అంత ఇరుకులో నెలల తరబడి ఎలా బతికారో ఒంటికి తెలుస్తుంది. ట్యాంకు దగ్గర ఆ భాగ్యం లేదు.

మ్యూజియం ట్యాంకులతో ఇంకో చిక్కు, రంగు. ఎక్కడైనా అంతే, ఏటేటా పూసిన పెయింటు పొరల కింద దెబ్బలు, రాతలు, పాత గుర్తులు కప్పబడిపోతాయి. ఉక్కుకు మంచిదే. చూసేవాడికి మాత్రం నిన్న షోరూమ్ నుంచి వచ్చినట్టుంటుంది.

దీనికి మినహాయింపు లాంటిది కూడా అహ్మద్‌నగర్‌లోనే, ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్లోనే ఉంది. సెంచూరియన్ ట్యాంకు, పేరు ఫమగుస్తా. 1971 డిసెంబర్ 16న బసంతర్ నది దగ్గర పూనా హార్స్ రెజిమెంట్ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ఎక్కినది. వయసు 21, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ట్యాంకు అంటుకుంది, వదిలేసి దిగమని రేడియోలో ఆదేశం. గన్ ఇంకా పనిచేస్తోందని చెప్పి దిగలేదు. అక్కడే పోయాడు. ఆ ట్యాంకును బాగుచేయించి భద్రపరిచారు. ఇది సెంచూరియన్ రకానికి నమూనా అని కాదు, ఫలానా రోజు ఫలానా మనిషి ఉన్న ట్యాంకు అని. ఈ తేడా పట్టుకుంటే లోంగేవాలాకు ఎందుకు వెళ్లాలో తెలుస్తుంది.

లోంగేవాలాకు జైసల్మేర్ నుంచి ఎడారి దారిలో వంద కిలోమీటర్ల పైనే. చాలామంది తనోట్ మాత గుడి చూసుకుని, అక్కడ పేలకుండా మిగిలిపోయిన గుండ్లకు దణ్ణం పెట్టుకుని ఇటు వస్తారు. మేమూ అదే చేశాం. 1971 డిసెంబర్ 4 రాత్రి ఇక్కడ మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి, ఆయన వెంట 23 పంజాబ్ పటాలం కంపెనీ ఒకటి, మొత్తం 120 మంది దాకా. ఎదురుగా నలభైకి పైగా పాకిస్తాన్ ట్యాంకులు. (అంతకు ముందు రాత్రే మన విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆ వారంలో దేశానికి రెండు కొసలా ఇదే పని.) ముళ్లకంచె కనబడగానే మందుపాతరలు ఉంటాయనుకుని ట్యాంకులు ఆగిపోయాయి. జైసల్మేర్‌లో ఉన్న మన హంటర్ యుద్ధ విమానాలకు రాత్రి పోరాడే ఏర్పాట్లు లేవు. కాబట్టి అంతా తెల్లారే దాకా ఎలా నెట్టుకొస్తారన్న దాని మీదే నడిచింది. తెల్లారింది. హంటర్లు వచ్చాయి. పాకిస్తాన్ ముప్పైకి పైగా ట్యాంకులు పోగొట్టుకుంది.

ఇప్పుడక్కడ పాకిస్తాన్ నుంచి చేజిక్కిన టీ-59, షెర్మన్ ట్యాంకులను పీఠాల మీద నిలబెట్టారు. నిజం చెప్పాలంటే ట్యాంకులుగా చూస్తే అహ్మద్‌నగర్ ముందు ఇవి ఎంత? ఫొటో దిగేవాళ్ల వెనక నించుని ఉంటాయి, అంతే. చూడాల్సింది వాటి చుట్టూ ఉన్న ఖాళీ. గట్టు మీద నిలబడి పడమటి వైపు చూస్తే ఇసుక, ఇసుక, ఆకాశం. టీ-59 ఎత్తు సుమారు రెండున్నర మీటర్లు. ఆరడుగుల మనిషి చెయ్యెత్తితే టరెట్ (గన్ బిగించిన, తిరిగే తల) పైకప్పు దాదాపు అందుతుంది. శత్రువుకు కనబడకుండా దాక్కోవడానికే దాన్ని అంత పొట్టిగా చేశారు. ఇక్కడ దాక్కోవడానికి ఒక చెట్టు లేదు, ఒక గోడ లేదు. పైగా ఏ ట్యాంకుకైనా ఉక్కంతా ముందు పక్క పెడతారు, నడినెత్తిన పల్చన. హంటర్ వచ్చేది నెత్తి మీదికే, రాకెట్లూ 30 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగూ పట్టుకుని. తప్పించుకోవడానికి ట్యాంకులు గిరగిరా తిరిగిన జాడలు పైనుంచి తీసిన ఫొటోల్లో ఇసుక మీద ముగ్గుల్లా కనిపిస్తాయి. ఆ ఫొటోలు ఎన్నోసార్లు చూశాను. గట్టు మీద పది నిమిషాలు నిలబడ్డాకే, ఆ ముగ్గు వేసినవాడి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహకు వచ్చింది.

మూడో రకం ఒకటుంది, ఊళ్లో కూడలి ట్యాంకు. దాని గురించి ఎక్కువ చెప్పను. పేరెందుకు గానీ ఒక ఊళ్లో చూశాను. గొట్టానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది, చక్రాల మధ్య టీ కప్పులు, పక్కన మేకుతో గీకిన ప్రేమికుల పేర్లు. వాన నీళ్లు ఇంజన్ జాలీల్లోంచి లోపలికి దిగి అడుగున నిలుస్తాయి, రబ్బరు పట్టీలు చివికిపోతాయి, పైన పెయింటు నిగనిగలాడుతుంటే లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. అక్కడ ఏ యుద్ధమూ జరగలేదు, పక్కన పోల్చుకోవడానికి ఇంకో ట్యాంకూ లేదు. అహ్మద్‌నగర్ ఇచ్చేదీ లోంగేవాలా ఇచ్చేదీ రెండూ ఉండవు.

ఈ రెండు సుగుణాలూ ఒక్కచోట కలవవా అంటే, ఫ్రాన్స్‌లో కలిశాయి. కాంబ్రే దగ్గర ఫ్లెస్కియేర్ అనే పల్లెటూళ్లో 1998లో నేల తవ్వితే 1917 నవంబర్ నాటి బ్రిటిష్ మార్క్ 4 ట్యాంకు బయటపడింది. పేరు డెబొరా. చీలిన ఉక్కును అతకలేదు, రంగు వెయ్యలేదు, చుట్టూ గోడలు కట్టి పైకప్పు వేసి 2017లో మ్యూజియం తెరిచారు. ఆ ట్యాంకులో చనిపోయిన అయిదుగురి సమాధులు పక్కనే. నేను ఫొటోల్లోనే చూశాను. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం వాళ్లు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. 1943లో ట్యునీషియాలో పట్టుకున్న జర్మన్ టైగర్ 131ని బాగుచేసి, ఇంజన్ వేసి, ఏటా కొన్ని రోజులు జనం ముందు నడిపిస్తారు. ఆ చప్పుడు వినాలని ఎవరికి ఉండదు? కానీ నడిచిన ప్రతిసారీ ఏదో ఒక పాత భాగం అరుగుతుంది, మార్చాలి. నా ఓటు డెబొరాకే.

మళ్లీ మన దగ్గరికి వస్తే, ఒక్కటే కుదిరితే అహ్మద్‌నగర్ వెళ్లండి. షిర్డీ దారిలో ఉందని మాత్రమే కాదు. లోంగేవాలాకు ముందు వెళ్లి ఉంటే నేనూ ఆ టీ-59 ముందు ఫొటో దిగి వచ్చేసేవాణ్ణి. ఉక్కు ఎక్కడ మందమో ఎక్కడ పల్చనో, ఎత్తు ఎందుకు తగ్గిస్తారో అహ్మద్‌నగర్‌లో తెలుసుకున్నాను కాబట్టే ఆ ఇసుక నాతో మాట్లాడింది. రెండూ కుదిరేవాళ్లు కూడా ఈ వరసలోనే వెళ్లండి. చరిత్ర ముందే బాగా చదువుకున్నవాళ్లయితే నేరుగా ఎడారికి వెళ్లినా నష్టం లేదు. శీతాకాలం చూసుకోండి, జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కే రోడ్డు మీద 280 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

ఈ డిసెంబర్‌లో మళ్లీ షిర్డీ ప్రయాణం ఉంది. ముందు దర్శనం, తర్వాతే ఇనప సామాన్లు అని అత్తయ్య షరతు. నాకూ అదే మేలు. పోయినసారి మిట్టమధ్యాహ్నం వెళ్లి చర్చిల్ మీద చెయ్యి ఆనించి పెట్టలేకపోయాను, అంత కాలింది. మూసే వేళ కనుక్కుని ఈసారి ఎండ దిగాక వెళ్తాం.