పైపుల్లో చప్పుడని గోడ పగలగొట్టించుకున్నాను, మీరు జాగ్రత్త

మొన్న జరిగింది, ఇంకా కోపం తగ్గలేదు. వరుస తప్పితే సర్దుకుని చదవండి. మనలో చాలామంది వాడే ఆ యాప్‌లోనే ప్లంబర్‌ని బుక్ చేశాను. పేరు పక్కన పచ్చ గుర్తు, మంచి రేటింగు, అన్నీ ఉన్నాయి.

మా ఇంట్లో రెండు రకాల చప్పుళ్లు. వాషింగ్ మెషిన్‌లోకి నీళ్లు ఎక్కి ఆగగానే గోడలోంచి సుత్తితో కొట్టినట్టు 'ధన్' మని ఒక్క దెబ్బ. రెండోది బాత్రూమ్‌లో. ఫ్లష్ ట్యాంక్ నిండబోతుండగా 'బూ' మని పెద్ద మోత. రాత్రిపూట పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు.

వచ్చినతను ఈ రెండింట్లో ఒక్కటీ వినలేదు. మెషిన్ ఆన్ చేయమనలేదు, ఫ్లష్ నొక్కలేదు. కుళాయి కింద చెయ్యి పెట్టి "ప్రెషర్ ఎక్కువుంది, గోడలో పైపు పోయింది" అన్నాడు. చేత్తో ప్రెషర్ ఎలా తెలుస్తుంది, గేజ్ పెట్టి చూపించు అని నేను అడగాల్సింది. అడగలేదు.

"ఒక్కసారి ఆ చప్పుడు వినండి" అంటూ నేను మెషిన్ దగ్గరికి వెళ్తున్నాను. రెండడుగులు వేశానో లేదో, వెనక ఉలి దెబ్బ. తిరిగి చూస్తే టైల్ రెండు ముక్కలై నేల మీద ఉంది. నా నోట మాట రాలేదు. అతను తల కూడా ఎత్తకుండా "మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు మేడమ్" అన్నాడు. మూడో టైల్ పగిలేదాకా నేను అలాగే నిలబడ్డాను. మొదటి దెబ్బకే చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది.

అతను పీకిన పైపు ముక్క నా దగ్గరే ఉంది. తిప్పి తిప్పి చూశాను. చిల్లు లేదు, పగులు లేదు.

కొత్త పైపు వేసి, మెయిన్ లైన్ మీద 'వాటర్ హ్యామర్ అరెస్టర్' అని ఒక వెండిరంగు గొట్టం బిగించాడు. ఇక చప్పుడు రాదని గట్టిగా చెప్పాడు. నేను మెషిన్ ఒక్కసారి కూడా తిప్పి చూడకుండా డబ్బులిచ్చి, ఓటీపీ చెప్పేశాను. సాయంత్రం బట్టలు వేస్తే అదే 'ధన్'. ఫోన్ చేశాను. "పైపుల్లో నీళ్లు పోతే చప్పుడు రాదా? చెవుల్లో దూది పెట్టుకోండి" అని పెట్టేశాడు. ఇంత మాట నన్ను ఎవరూ అనలేదు. యాప్ వాళ్లేమో ఓటీపీ చెప్పారు కాబట్టి పని పూర్తయినట్టే అంటున్నారు.

ఇవాళ పొద్దున తెలిసినవాళ్లు ఇంకో ప్లంబర్‌ని పంపారు. ఆయన వస్తూనే మెషిన్‌లోకి నీళ్లు వదలమన్నారు, మూడుసార్లు. ప్రతిసారీ పైపు మీద చెయ్యి ఆనించి విన్నారు. మెషిన్‌లో ఉండే, కరెంటుతో పనిచేసే వాల్వ్ టక్కున మూసుకుంటుంది. పరుగు మీదున్న నీళ్లు ఒక్కసారిగా ఆగేసరికి ఆ ఒత్తిడి పైపులో వెనక్కి తంతుంది. సెకనుకు 1 మీటరు వేగంతో పోయే నీళ్లను ఉన్నట్టుండి ఆపితే ఇనుప పైపులో 10 బార్లకు (బార్ అంటే ఒత్తిడి కొలత) పైగానే ఒత్తిడి లేస్తుంది, ప్లాస్టిక్ పైపులో చాలా తక్కువ. మా ఇంట్లో మెషిన్ వెనక పైపును పట్టుకునే క్లాంపులు రెండు వదులైపోయాయి, అందుకని ఆ దెబ్బకి పైపు వెళ్లి గోడకు కొట్టుకుంటోంది. అంతే సంగతి. గోడ లోపల ఏ జబ్బూ లేదు.

తరవాత ఆ వెండిరంగు గొట్టం విప్పారు. లోపలినుంచి నీళ్లు బొళబొళా కారాయి. అసలైన అరెస్టర్‌లో పిస్టన్ ఉంటుంది, దాని వెనక గాలి బంధించి ఉంటుంది, ఆ గాలే దెబ్బను మింగుతుంది. ఇందులో ఏమీ లేదు. ఒక చివర మూత వేసి రంగు పూసిన మామూలు పైపు ముక్క. గోరుతో గీకితే రంగు ఊడొచ్చింది. చేతిలో పట్టుకుని ఏడుపొచ్చింది నాకు.

ఆయన క్లాంపులు బిగించి, అసలైన అరెస్టర్‌ను మెషిన్ వాల్వ్ పక్కనే పెట్టారు. దూరంగా మెయిన్ లైన్ మీద పెడితే ఉపయోగం అంతగా ఉండదట. ఫ్లష్ ట్యాంక్ మోతకి దీంతో సంబంధమే లేదు. మోత వస్తుండగా ట్యాంక్ మూత తీసి నీళ్ల మీద తేలే ఫ్లోట్‌ను చేత్తో పైకెత్తారు, మోత ఆగిపోయింది. నీళ్లు నింపే వాల్వ్‌లో వాషర్ గట్టిపడి అదురుతోంది. వాషర్ మార్చారు, పది నిమిషాల పని.

ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను: ఏ కుళాయి కట్టేస్తే, ఏది తిప్పితే చప్పుడొస్తోందో ముందు మీరే చూసి పెట్టుకోండి, వచ్చినవాళ్లు అది వినేదాకా ఉలి ముట్టనివ్వకండి. వేడినీళ్ల పైపు టిక్కుటిక్కుమంటే సాధారణంగా వేడికి సాగుతున్నట్టు, గీజర్ గుడగుడలాడితే లోపల సున్నం పేరుకున్నట్టు. వీటికీ గోడ పగలగొట్టక్కర్లేదు. ఓటీపీ మాత్రం పరీక్షించాకే చెప్పండి.

ఆ గొట్టం, పైపు ముక్క ఫోటోలు యాప్‌కి పంపాను. ఇంకా జవాబు లేదు. పగిలిన టైల్స్ రంగువి ఎక్కడా దొరకడం లేదు.