రివేరా వీడ్కోలు, హాఫ్‌మన్ వీడ్కోలు

న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) మరియానో రివేరా ఇదే తన చివరి సీజన్ అని ముందే చెప్పాడు. 2013 సెప్టెంబర్ 26న యాంకీ స్టేడియంలో అతన్ని మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద నుంచి తీసుకెళ్లడానికి ఎప్పటిలా మేనేజర్ (జట్టు కోచ్) రాలేదు. ఏళ్లుగా కలిసి ఆడిన జీటర్, పెటిట్ వచ్చారు. పెటిట్ భుజం మీద రివేరా ఏడ్చేశాడు. చూస్తున్న మాకూ కన్నీళ్లు ఆగలేదు.

మరో పిచర్ ట్రెవర్ హాఫ్‌మన్‌కు అలాంటి రాత్రి దక్కలేదు. 600 సేవ్‌లు (జట్టు స్వల్ప ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడి మ్యాచ్ ముగిస్తే ఒక సేవ్) అందుకున్న తొలి పిచర్ అతనే. అయినా తన పాత జట్టు పాడ్రేస్ ఊరైన శాన్ డియేగోకు దూరంగా, మిల్వాకీలో చివరి సీజన్ ఆడి, 2011 జనవరిలో రిటైరయ్యాడు.

సేవ్‌ల లెక్కలో 652తో రివేరాదే పైచేయి, హాఫ్‌మన్‌వి 601. కానీ బ్యాటర్లను బోల్తా కొట్టించిన హాఫ్‌మన్ ఛేంజప్ (వేగంగా వస్తుందనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) అంటే నాకు ప్రాణం. అందుకే 2011లోనే పాడ్రేస్ అతని 51వ నంబర్‌ను ఇంకెవరికీ ఇవ్వబోమన్నప్పుడు ఎంతో సంతోషించాను.