వాటర్ ఫిల్టర్ సర్వీసు ఒప్పందం తీసుకుంటున్నారా? పంతొమ్మిదో షరతు చూసుకోండి

ఫోను పెట్టేసి గంట కూడా కాలేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా రాజోలు వైపు బోరు నీళ్ల సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇంటింటికీ తిరిగి రెండేళ్ల సర్వీసు అంటగడుతున్న ఆ కంపెనీ ఏదో కూడా తెలుసు, పేరు రాయను. 7,200 రూపాయలు కట్టాను. ఏడాదికోసారి మెంబ్రేన్, అంటే నీళ్లలో ఉప్పు వడగట్టే పొర, మారుస్తామన్నారు. మార్చామని సంతకం కూడా పెట్టించుకున్నారు. మొన్న నీళ్లు మళ్లీ ఉప్పగా తగిలితే పక్కింటి అబ్బాయి సాయంతో మూత విప్పాను. లోపల గోధుమరంగు జిగురు. తుడిచి చూస్తే, మూడేళ్ల క్రితం నేనే మార్కర్ పెన్నుతో రాసిన తేదీ! మార్చినట్టు సంతకం పెట్టింది ఆ పాత మెంబ్రేన్‌కే. మా వీధిలో ఇంకో మూడిళ్లలో విప్పించాం, అదే కథ. నలుగురం కలిసి కంపెనీకి ఒకే ఉత్తరం రాశాం.

ఈ రోజు ఫోను వచ్చింది. తేనె పూసిన గొంతు.

"సర్, పంతొమ్మిదో షరతు చూశారా? వివాదం ఏదైనా కోర్టులో కాదు, మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) దగ్గరే తేల్చుకోవాలి. మధ్యవర్తిని కంపెనీ నియమిస్తుంది. విచారణ గురుగ్రామ్‌లో. పైగా ఇతరులతో కలిసి ఫిర్యాదు చేసే హక్కు మీరు వదులుకున్నారు. మీ ఉత్తరాన్ని నాలుగు ఉత్తరాలుగా పంపండి."

"నేనెప్పుడు వదులుకున్నాను?"

"మీ సంతకం ఉంది సర్. ఉదయం 11 గంటల 42 నిమిషాలకు." ఆ తర్వాత చిన్న నవ్వు. "చదువుకున్నవారే కదా సర్?"

ఆ నవ్వు దగ్గరే నాకు ఒళ్లు మండింది. 11 గంటల 42 నిమిషాలకు నేనేం చేస్తున్నానో నాకు గుర్తుంది. ఎండలో వచ్చాడని ఒప్పందం రాయించుకునే కంపెనీ కుర్రాడికి మజ్జిగ ఇస్తున్నాను. ఒక చేత్తో గ్లాసు అందుకుని, రెండో చేత్తో ఫోను చాపి "ఇక్కడ వేలితో గీయండి మాస్టారూ" అన్నాడు. గీశాను. ప్రశ్నను రెండుసార్లు చదవండర్రా అని ముప్పై ఏళ్లు పిల్లల చెవులు మెలిపెట్టిన పంతులు చేసిన ఘనకార్యం ఇది.

వాళ్ల లెక్క మాత్రం మెచ్చుకోవాలి. ఏడు వేల కోసం ఎవడు గురుగ్రామ్ రైలెక్కుతాడు? నలుగురు కలిస్తే కాస్త బరువుంటుంది, అందుకే కలవకుండా ముందే కట్టడి చేశారు.

అమలాపురంలో వకీలుగా ఉన్న నా పాత విద్యార్థికి ఫోను చేస్తే అతనూ నవ్వాడు, వేరే నవ్వు. ఇలాంటి షరతులకు అమెరికా సుప్రీంకోర్టు 2011లో బలం చేకూర్చిందట, ఆ కాగితాన్నే ఇక్కడ దించేశారన్నాడు. మన దగ్గర అలా కుదరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల విత్తనాల కేసులో 2012లోనే, ఫ్లాట్ల కొనుగోలుదారుల కేసులో మళ్లీ 2018లో, మధ్యవర్తిత్వ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని మన సుప్రీంకోర్టు చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. ఒకే బాధ ఉన్నవారు కమిషన్ అనుమతితో కలిసి కూడా వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లు దాటనివ్వకూడదు.

ఒక్క మాట. "మధ్యవర్తిత్వానికి అంగీకరిస్తున్నాను" అని ఒక ఫారం పంపుతారు, నాకూ పంపారు. నింపకండి. మనమే ముందు ఆ దారి ఎంచుకుంటే తర్వాత కమిషన్‌లో అదే అడ్డు చెప్పవచ్చని 2012 తీర్పులోనే ఉందట. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫోను చాపితే వేలు పెట్టకండి, కాగితం అడగండి.

ఆ మెంబ్రేన్ పారేయలేదు. తేదీ చెరిగిపోకుండా కవరులో చుట్టి బీరువాలో పెట్టాను. సోమవారం నలుగురం అమలాపురం బస్సెక్కుతున్నాం.