సోల్డర్ చేశాక వాపసు లేదన్నారు: చవక డాక్ బోర్డు కొనేవాళ్లు ఒకసారి చదవండి

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌కి తక్కువ ఖర్చులో ఒక డాక్ బోర్డు (అంకెల రూపంలో ఉన్న పాటని స్పీకర్లకి వెళ్లే సిగ్నల్‌గా మార్చేది) తగిలించి, ఇంట్లో ఉన్న స్పీకర్లలో పాటలు వినాలనుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను కొన్న బోర్డు వల్ల రెండు వారాలు పోయాయి, డబ్బు కూడా తిరిగి రాలేదు. కొనేముందు నాకు ఎవరైనా ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే బాగుండేది.

నా దగ్గర ఉన్నది పై జీరో 2 డబ్ల్యూ. దానికి ఆడియో జాక్ లేదు. 2023లో వచ్చిన పై 5కి కూడా లేదు. పై 4 దాకా పెద్ద బోర్డులకి జాక్ ఉన్నా, అందులోంచి వచ్చే శబ్దం అసలు డాక్ చిప్ నుంచి వచ్చేది కాదు, పల్సుల వెడల్పు మార్చి పుట్టించేది. చప్పుడు లేని చోట సన్నగా బుసబుస వినిపిస్తుంది. అందుకే పిన్నులకి తగిలించే డాక్ బోర్డులకి ఇంత గిరాకీ. చవక రకాల్లో ఎక్కువగా కనిపించేది పీసీఎం5102ఎ చిప్ ఉన్న చిన్న బోర్డు. చిప్ మంచిదే, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లది. కాగితం మీద 112 డెసిబెల్స్ సిగ్నల్ టు నాయిస్ (పాటకీ వెనక రొదకీ మధ్య తేడా, ఎంత ఎక్కువైతే అంత మంచిది), 32 బిట్లు, 384 కిలోహెర్ట్జ్ (సెకనుకి ఎన్ని శబ్దపు కొలతలు తీసుకోగలదో చెప్పే అంకె). ఈ అంకెలు చూసే నేను మోసపోయాను. చిప్ ఎంత మంచిదైనా, దాన్ని బోర్డు మీద సరిగ్గా కూర్చోపెట్టకపోతే పైన పటారం లోన లొటారమే.

అమ్మేవాళ్ల పేజీలో "తగిలిస్తే చాలు, పని చేస్తుంది" అని రాసి ఉంది. ఫొటోలో బోర్డు ముందు వైపు మాత్రమే చూపించారు. వచ్చిన ప్యాకెట్లో బోర్డు, విడిగా పిన్నుల పట్టీ, వైర్లు ఎలా కలపాలో చూపించే చిన్న కాగితం ఉన్నాయి. అంటే పిన్నులు మనమే సోల్డర్ చేసుకోవాలి (వేడి ఐరన్‌తో లోహం కరిగించి అతకాలి). అక్కడే ఆగి ఆలోచించాల్సింది. సోల్డర్ చేస్తేగానీ పని చేస్తుందో లేదో తెలియదు, సోల్డర్ చేశాక వాపసు తీసుకోరు. ఈ మెలిక నాకు తట్టలేదు.

పిన్నులు సోల్డర్ చేసి, కాన్ఫిగ్ ఫైల్లో హైఫైబెర్రీ-డాక్ ఓవర్‌లే (ఏ బోర్డు తగిలించామో సిస్టమ్‌కి చెప్పేది) లైను రాసి, రీస్టార్ట్ చేశాను. ఏప్లే కమాండ్‌తో చూస్తే సౌండ్ కార్డు జాబితాలో కనిపించింది. హమ్మయ్య, బోర్డు బాగానే ఉంది అనుకున్నాను. పాట పెడితే మాత్రం ఏమీ వినిపించలేదు. మొదటి రాత్రంతా సాఫ్ట్‌వేర్‌లోనే తప్పు వెతికాను. మర్నాడు అనుమానం వచ్చి, పవర్ ఆపి బోర్డుని పూర్తిగా ఊడదీసి మళ్లీ ఆన్ చేశాను. కార్డు జాబితాలో అలాగే ఉంది! ఈ ఓవర్‌లే అవతల బోర్డు ఉందో లేదో అడగదు. ఈ చిప్‌కి తన ఉనికి చెప్పుకునే ఐటూసీ (చిప్పులు మాట్లాడుకునే రెండు వైర్ల) దారి లేదు, కాబట్టి మనం రాసిన లైనుని నమ్మి కార్డు చూపిస్తుంది. కార్డు కనిపించింది కదా అని బోర్డుని నమ్మకండి. అదే కుటుంబంలోని పీసీఎం5122 ఉన్న బోర్డులని వాటి ఓవర్‌లే ఐటూసీ మీద నిజంగా పలకరిస్తుంది, జవాబు రాకపోతే కార్డు రాదు. పైగా వాల్యూమ్ కూడా చిప్‌లోనే తగ్గించుకోవచ్చు. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే నేను దాని వైపే చూడమంటాను.

తర్వాత వైర్లు చూశాను. వాళ్లిచ్చిన కాగితంలో డేటా వైరుని 38వ పిన్నుకి కలపమని ఉంది. అది పై కంప్యూటర్‌లోకి శబ్దం వచ్చే పిన్ను, మైక్ లాంటి వాటికి. బయటికి వెళ్లేది 40. బిట్ క్లాక్ (ఒక్కో బిట్‌కి లయ పట్టే సిగ్నల్) 12లో, ఎడమ కుడి ఛానెళ్లని వేరు చేసే క్లాక్ 35లో, డేటా 40లో ఉండాలి. ఇది మార్చినా నిశ్శబ్దమే.

అప్పుడు బోర్డు తిప్పి లైటు కింద పట్టుకుని చూశాను. వెనక నాలుగు వరసల్లో మూడేసి చిన్న మెరిసే మచ్చలు ఉన్నాయి, పక్కన 1, 2, 3, 4 అని అంకెలు. ఒక్కో దాంట్లో మధ్య మచ్చని ఎల్ వైపో హెచ్ వైపో చుక్క సోల్డర్‌తో కలపాలి. నా బోర్డులో నాలుగూ ఖాళీ. వీటిలో 3వది మ్యూట్‌కి సంబంధించింది. అది హెచ్ వైపు కలిస్తేనే చిప్ నోరు తెరుస్తుంది, లేకపోతే మ్యూట్‌లోనే ఉండిపోతుంది. మిగతా మూడూ ఎల్ వైపు ఉండాలి. ముందు వైపు ఎస్‌సీకే అని ఇంకో జత ఉంటుంది. పై కంప్యూటర్ నుంచి వచ్చే సిగ్నల్ వైర్లు మూడే, మాస్టర్ క్లాక్ (చిప్ మొత్తాన్ని నడిపే లయ) రాదు. ఎస్‌సీకేని గ్రౌండ్‌కి కలిపితే చిప్ ఆ క్లాక్‌ని తనే తయారు చేసుకుంటుంది. గాలిలో వదిలేస్తే శబ్దం రాకపోవచ్చు, వచ్చినా గరగరలాడవచ్చు. నా బోర్డులో అదీ ఖాళీయే. "తగిలిస్తే చాలు" అని అమ్మిన బోర్డులో ఐదు చోట్ల సోల్డర్ లేదు.

అన్నీ కలిపాక పాట వినిపించింది. ఆ నిమిషం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కానీ ఎడమ స్పీకర్‌లో గొంతు వెనక ఇసుక రాలుతున్నట్టు గరగర. కేబుల్ మార్చాను, స్పీకర్లు అటూ ఇటూ మార్చాను, అడాప్టర్ కూడా మార్చాను. గరగర మాత్రం బోర్డు ఎడమ ఛానెల్‌తోనే ఉంది. భూతద్దంతో చిప్‌ని చూస్తే పేరు ఉన్న చోట గీరి మళ్లీ అచ్చు వేసినట్టు ఉంది. నకిలీ అని నేను రుజువు చేయలేను. కానీ ఒకటి గుర్తుంచుకోండి: పీసీఎం5100ఎ, 5101ఎ, 5102ఎ మూడూ ఒకే ఆకారం, ఒకే పిన్నులు. తేడా అంతా 100, 106, 112 డెసిబెల్స్‌లో ఉంది. పైన ఏ అంకె వేసి ఉందో అదే మనకి ఆధారం.

అమ్మినవాళ్లకి ఫొటోలు, రికార్డింగ్ పంపాను. మూడు రోజుల తర్వాత ఒక్క లైను జవాబు: సోల్డర్ చేసిన వస్తువు వాపసు తీసుకోము. సోల్డర్ చేయకుండా దాన్ని పరీక్షించే దారి చెప్పండి అంటే జవాబే లేదు.

ఆ దారి నాకు తర్వాత దొరికింది. మల్టీమీటర్‌ని బీప్ కొట్టే కంటిన్యుటీ (రెండు చోట్లు కలిసి ఉన్నాయో లేదో చూసే) సెట్టింగులో పెట్టండి. పవర్ అక్కర్లేదు, సోల్డర్ అక్కర్లేదు. వెనక 3వ వరసలో మధ్య మచ్చ మీద ఒక మొన, హెచ్ మీద ఇంకో మొన పెడితే బీప్ రావాలి. 1, 2, 4లో మధ్య నుంచి ఎల్‌కి రావాలి. ఎస్‌సీకే నుంచి గ్రౌండ్‌కి రావాలి. అయిదు బీపులు రాకపోతే ఆ బోర్డు అమ్మకానికి సిద్ధంగా లేనట్టే. ప్యాకెట్ విప్పిన అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇంకో మాట, ఇయర్‌ఫోన్స్ గురించి. పేజీలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న ఫొటో వేశారు. బోర్డు మీదున్న జాక్ చూస్తే మనమూ అలాగే అనుకుంటాం. కానీ ఆ జాక్ లైన్ అవుట్, అంటే యాంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చేది, ఇయర్‌ఫోన్స్‌ని నడిపేది కాదు. చిప్ 2.1 వోల్టులు ఇస్తుంది నిజమే, అది కనీసం వెయ్యి ఓమ్‌ల లోడ్‌కి (ఓమ్‌లు తగ్గేకొద్దీ చిప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి). ఇయర్‌ఫోన్స్ సాధారణంగా 16 లేదా 32 ఓమ్‌లు. నేరుగా పెడితే శబ్దం చితికిపోతుంది, చిప్ మీద భారం పడుతుంది. యాంప్లిఫయర్‌కి గానీ, లోపల యాంప్ ఉన్న స్పీకర్లకి గానీ మాత్రమే కలపండి.

పేరులో హ్యాట్ అని ఉంటే కూడా అడగండి. 2014లో రాస్ప్‌బెర్రీ పై వాళ్లు పెట్టిన హ్యాట్ నియమాల ప్రకారం బోర్డులో ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్ ఉండాలి, దాన్ని చదివి పై తనంతట తనే బోర్డుని గుర్తిస్తుంది. అది లేకుండా ఊరికే 40 పిన్నుల మీద కూర్చునేవి చాలా ఉన్నాయి. పని చేయవని కాదు, సెట్టింగులు మనమే రాయాలి. 384 కిలోహెర్ట్జ్ అన్న అంకెని మాత్రం అస్సలు పట్టించుకోకండి. మనం వినే పాటల్లో ఎక్కువ భాగం 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్.

ఇప్పటికే ఇలాంటి బోర్డు తెప్పించి, ఇంకా ఐరన్ వేడి పెట్టనివాళ్లు ముందు బోర్డు రెండు వైపులా దగ్గర నుంచి ఫొటోలు తీయండి, చిప్ మీది అక్షరాలు కనపడేలా. మల్టీమీటర్ పెట్టి చూడండి. ఒక్క బీప్ తక్కువైనా అలాగే ప్యాక్ చేసి, వాపసు గడువు దాటకముందే పంపేయండి.